ఇంప్లాంట్ పళ్ళు: అటు భయం, ఇటు హడావిడి

కూకట్‌పల్లిలో ఒక ఇల్లు అనుకుందాం. అరవై దాటిన తల్లికి పై దవడలో రెండు పళ్ళు పోయి ఏడాదైంది. ఎడమవైపు నమలడం ఎప్పుడో మానేసింది. పండక్కి చేసిన సకినాలు టీలో నానబెట్టుకుని తింటోంది. పోయిన పన్ను చోట దవడ ఎముకలో స్క్రూ దింపి పెట్టే కృత్రిమ పన్ను, అంటే ఇంప్లాంట్, మాట ఎత్తగానే పక్కింటి పెద్దావిడ, "పై పళ్ళ జోలికి పోకు వదినా, కళ్ళు దెబ్బతింటయి" అంటుంది. మూడు వారాల సెలవు మీద అమెరికా నుంచి వచ్చిన కొడుకేమో, "ఇప్పుడు ఒక్క రోజులోనే పెట్టేస్తున్నారు, నేను వెళ్ళేలోపు పని అయిపోతుంది" అంటాడు. ఒకరిది భయం, ఇంకొకరిది హడావిడి. రెండూ ఒకే లెక్క తప్పడం వల్ల వచ్చినవి. ఇద్దరూ డాక్టర్ గురించి ఆలోచించారు, పెట్టే వస్తువు గురించి ఆలోచించారు, మధ్యలో ఉన్న దవడ ఎముకను మాత్రం మర్చిపోయారు. ఇంప్లాంట్‌లో అసలు పని చేసేది ఆ ఎముకే. అదీ తన టైమ్ ప్రకారమే చేస్తుంది.

ముందు ఆ వస్తువు ఎలా ఉంటుందో చూస్తే చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి. ఎముకలో దిగే భాగం టైటానియం స్క్రూ. పొడవు సుమారు 10 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే చింతగింజంత కూడా ఉండదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్క్రూలా తళతళలాడదు, బూడిద రంగులో కాస్త గరుకుగా ఉంటుంది. ఎముక కణాలు పట్టుకోవడానికి వీలుగా ఆ పైపొరను కావాలనే గరుకు చేస్తారు. దాని మీద బిగించే చిన్న పోస్టును అబట్‌మెంట్ అంటారు. ఆ పైన, నోరు తెరిస్తే కనిపించే పన్ను క్యాప్. ఈ మూడింటినీ కలిపి మనం 'ఇంప్లాంట్' అనేస్తాం. రేటు దగ్గర, టైమ్ దగ్గర, రిపేరు దగ్గర వచ్చే గందరగోళంలో చాలా భాగం ఈ ఒక్క మాట వల్లే.

"శరీరంలో ఇనుప ముక్క పెడితే ఒంటికి పడుతుందా?" అన్నది తరచూ వినిపించే అనుమానం. టైటానియం ఇనుము కాదు, తుప్పు పట్టదు. ఇది ఒంటికి పడుతుందని తెలిసింది కూడా వేరే పని చేస్తుండగానే. 1952లో స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ ఎముక లోపల రక్తప్రసరణ ఎలా ఉంటుందో చూడటానికి కుందేళ్ళ కాలి ఎముకలో చిన్న టైటానియం గొట్టాలు అమర్చారు. పరిశోధన అయ్యాక వాటిని తీయబోతే రాలేదు. ఎముక వాటిని పట్టేసుకుంది. విసుక్కుని వదిలేయాల్సిన ఆ అడ్డంకినే ఆయన కొత్త వైద్యానికి దారిగా చూశారు. 1965లో గోస్టా లార్సన్ అనే పేషెంటుకు కింది దవడలో మొదటిసారి ఇలాంటి ఇంప్లాంట్లు పెట్టారు. 2006లో లార్సన్ చనిపోయే వరకు, అంటే నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. మిగతా ప్రపంచం దీన్ని సీరియస్‌గా తీసుకున్నది మాత్రం 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తర్వాతే. కాబట్టి ఇది నిన్నమొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు, ప్రయోగం దశలో ఉన్న వైద్యమూ కాదు.

ఎంఆర్ఐ తీయించుకోకూడదనే భయం కూడా ఉంది. టైటానియాన్ని అయస్కాంతం లాగదు. స్కాన్‌లో ఆ చుట్టుపక్కల కొంచెం మసకగా రావచ్చు, అంతే. టెక్నీషియన్‌కి ముందే చెబితే చాలు.

ఇక కళ్ళ సంగతి. మన ఊళ్ళలో పై పన్ను పీకితే చూపు పోతుందనే నమ్మకం ఎంత బలంగా ఉందంటే, పుచ్చిన పన్ను చీము పట్టి చెంప వాచినా పీకించుకోని వాళ్ళున్నారు. పంటి స్పర్శను మెదడుకు చేరవేసే నరం వేరు, చూపును చేరవేసే నరం వేరు. రెండూ మెదడు నుంచి విడివిడిగా బయల్దేరతాయి. పన్ను తీసినా, అక్కడ ఇంప్లాంట్ పెట్టినా చూపు నరానికి సంబంధమే లేదు. మరి ఈ మాట ఎలా పుట్టింది? పళ్ళు కదిలే వయసూ, కళ్ళలో శుక్లాలు వచ్చే వయసూ దాదాపు ఒకటే. పన్ను పీకించుకున్న ఏడాదికే చూపు మందగిస్తే ఆ రెండింటికీ ముడిపెట్టడం సహజం. నిజానికి భయపడాల్సింది చీమును వదిలేయడానికే. పై దవడలో ముదిరిన ఇన్ఫెక్షన్ ముఖంలోకి, అరుదుగా కంటి చుట్టుపక్కలకీ పాకవచ్చు. అంటే కళ్ళ మీద భయంతో పన్ను పీకించుకోకపోవడమే కంటికి ఎక్కువ ప్రమాదం.

ఇంప్లాంట్‌కి నరాలతో అసలు పేచీ వేరే చోట ఉంది. కింది దవడ ఎముక లోపల ఒక కాలువలో నరం వెళ్తుంది. అది కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. స్క్రూ దాన్ని తాకితే పెదవి తిమ్మిరెక్కిపోయి, ఒక్కోసారి అలాగే ఉండిపోవచ్చు. పై దవడ వెనుక భాగంలో గాలితో నిండిన సైనస్ గది ఉంటుంది, అక్కడ ఎముక పల్చగా ఉంటుంది. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీసి కొలతలు చూసుకునేది ఇందుకే. నరానికి, స్క్రూ కొసకు మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల జాగా వదులుతారు. కళ్ళ గురించి పదిసార్లు అడిగే పేషెంట్ ఈ స్కాన్ గురించి ఒక్కసారైనా అడగడు. అడగాల్సింది అదే.

నొప్పి విషయానికొస్తే, ఎముకలో డ్రిల్ పెడతారంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మత్తు ఇంజక్షన్ ఇచ్చాక ఒత్తిడి, చప్పుడు తెలుస్తాయి కానీ నొప్పి తెలియదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు వాపు, సలుపు ఉంటాయి. మామూలు మాత్రలకు తగ్గుతాయి. పుచ్చుపన్ను నొప్పితో రాత్రంతా మేలుకున్న వాళ్ళకి ఇది పెద్ద లెక్కలోది కాదు.

ఇప్పుడు హడావిడి వైపు వద్దాం, హైదరాబాద్‌లో ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మెట్రో పిల్లర్ల మీద, ఫోన్‌లో స్క్రోల్ చేస్తుంటే వచ్చే యాడ్లలో 'ఒకే రోజులో పళ్ళు', 'మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు' అని కనిపిస్తుంటాయి. ఇది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే నమ్మడం తేలికవుతుంది. ఎముక గట్టిగా ఉండి, స్క్రూ మంచి బిగువుతో దిగితే అదే రోజు ఒక తాత్కాలిక పన్ను బిగించవచ్చు. పళ్ళన్నీ పోయిన వాళ్ళకు నాలుగైదు ఇంప్లాంట్ల మీద మొత్తం వరసను వెంటనే నిలబెట్టే పద్ధతులూ ఉన్నాయి. కాకపోతే యాడ్‌లో ఉండే 'పళ్ళు' అనే మాటకీ, పేషెంట్ ఊహించుకునే 'పళ్ళు' అనే మాటకీ చాలా తేడా ఉంది. అది కనిపించడానికి పెట్టిన పన్ను. దాంతో మటన్ బొక్క కొరకడానికి లేదు. ఒక్క పన్నుకైతే ఎదురు పన్ను దానికి తగలకుండా ఎత్తు తగ్గించి పెడతారు.

ఎందుకంత జాగ్రత్త? స్క్రూ దిగిన రోజు అది కదలకుండా నిలబడటానికి కారణం బిగువు. గోడలో మేకు నిలబడ్డట్టే. ఆ తర్వాత ఎముక ఏం చేస్తుందంటే, డ్రిల్ తగిలి నలిగిన పాత పొరను కరిగించుకుని, ఆ జాగాలో కొత్త ఎముకను పోసుకుంటుంది. పాతది కరిగేది ముందు, కొత్తది గట్టిపడేది తర్వాత. అందుకే మూడు, నాలుగు వారాల సమయంలో స్క్రూ పట్టు మొదటి రోజు కంటే తగ్గుతుంది. అప్పటికి వాపు పోయి ఉంటుంది, కుట్లు తీసేసి ఉంటారు, నొప్పి అసలే ఉండదు. మనిషికి అంతా బాగైపోయిందనిపించే సమయమూ, స్క్రూ అన్నిటికంటే బలహీనంగా ఉండే సమయమూ సరిగ్గా ఒకటే. ఇది తెలియక చెడిపోయిన ఇంప్లాంట్లు తక్కువేమీ కాదు. కొత్త ఎముక గట్టిపడి, మామూలు నమలుడు తట్టుకునే స్థితికి రావడానికి కింది దవడలో సాధారణంగా 3 నెలలు, పై దవడలో ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి 4 నుంచి 6 నెలలు చూస్తారు.

ఇప్పుడా మూడు వారాల సెలవు గుర్తు చేసుకోండి. డిసెంబర్, జనవరిల్లో విదేశాల నుంచి వచ్చేవాళ్ళు తమ పళ్ళకో, తల్లిదండ్రుల పళ్ళకో హైదరాబాద్‌లో వైద్యం పెట్టుకోవడం మామూలైపోయింది. అక్కడి ఖర్చుతో పోలిస్తే ఇది తెలివైన పనే. కానీ అన్నీ ఒకే ట్రిప్పులో అవ్వాలనే పట్టుదల డాక్టర్ మీద ఒత్తిడి పెడుతుంది. ఆ ఒత్తిడికి తలొగ్గే క్లినిక్ దొరకడం కష్టమేమీ కాదు. మామూలు కేసులో సరైన ప్లాన్ ఏమిటంటే, ఈ ట్రిప్పులో స్క్రూ, వచ్చే ట్రిప్పులో క్యాప్. తల్లి ఇక్కడే ఉంటుంది కాబట్టి ఆమె విషయంలో అసలు తొందరే లేదు. తొందరపడుతున్నది కొడుకు ఫ్లైట్ టికెట్ మాత్రమే. పక్కన ఉండాలన్న అతని ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. దాని భారం మాత్రం ఆమె ఎముక మీద వేయకూడదు.

తొందర పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది, అక్కడేమో అందరూ నెమ్మదిగా ఉంటారు. పన్ను తీసిన మొదటి ఏడాదిలో ఆ జాగాలో దవడ ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గిపోతుంది. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. "లోపలి పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది, తర్వాత చూద్దాం" అని నాలుగేళ్ళు ఆగితే అప్పటికి స్క్రూ పట్టేంత ఎముక ఉండకపోవచ్చు. పక్క పళ్ళు ఆ ఖాళీలోకి వాలతాయి, ఎదురు పన్ను కిందికి జారుతుంది. అప్పుడు ఎముక పొడి వేసి పెంచడమో, సైనస్ పొరను పైకి జరపడమో చేయాలి. ఖర్చు, టైమ్ రెండూ పెరుగుతాయి. ఆ ఎముక పొడి ఆవుజాతి పశువుల ఎముక నుంచి తయారైనది కావచ్చు, మనుషులు దానం చేసినది కావచ్చు, రసాయనికంగా చేసినది కావచ్చు. ఆ పొడి పైన కప్పే పొరల్లో పంది నుంచి తీసినవీ ఉంటాయి. మతపరంగానో, శాకాహారం వల్లనో అభ్యంతరం ఉన్నవాళ్ళు ముందే అడగడం వాళ్ళ హక్కు. రసాయనికంగా చేసినవి దొరుకుతాయి కాబట్టి మొహమాటపడాల్సిన పని లేదు.

వయసు గురించి తిరగబడ్డ అపోహ ఒకటుంది. డెబ్బై దాటిన వాళ్ళని "ఈ వయసులో ఎందుకు" అంటారు. బండి మీద నుంచి పడి ముందు పన్ను పోగొట్టుకున్న ఇంటర్ పిల్లాడికి మాత్రం వెంటనే పెట్టించేద్దామంటారు. పెద్ద వయసు దానంతటదే అడ్డు కాదు. ఎముక, ఆరోగ్యం బాగుంటే చాలు. చిన్న వయసే అడ్డు. దవడ పెరుగుతున్నంత కాలం పక్క పళ్ళు దాంతో పాటు కిందికి దిగుతాయి. ఇంప్లాంట్ ఎముకకు అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి పెట్టిన చోటే ఆగిపోతుంది. నాలుగేళ్ళకు నవ్వితే ఆ ఒక్క పన్ను పొట్టిగా, చిగురు ఎత్తులో తేడాగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగే దాకా తాత్కాలికంగా ఏదో ఒకటి పెట్టి ఆగాల్సిందే.

షుగర్ ఉంటే ఇంప్లాంట్ కుదరదనే మాట ఎంత తప్పో, "షుగర్ ఉన్నా ఏం కాదు" అనే మాటా అంతే తప్పు. షుగర్ అదుపులో ఉంటే ఫలితాలు దాదాపు అందరికీ వచ్చినట్టే వస్తాయి. అదుపు తప్పితే పుండు మానదు, ఎముక పట్టదు, ఇన్ఫెక్షన్ తొందరగా వస్తుంది. అందుకే ఆ పూట తీసే రక్తపరీక్షతో సరిపెట్టుకోకుండా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తారు. పరీక్ష రోజు పొద్దున టిఫిన్ మానేసి సంఖ్య తగ్గించుకునే వాళ్ళని అది పట్టిస్తుంది. సిగరెట్ సంగతి దీనికంటే స్పష్టం. పొగతాగే వాళ్ళలో ఇంప్లాంట్ ఫెయిలయ్యే అవకాశం దాదాపు రెట్టింపు. గుట్కా, ఖైనీ నమిలే వాళ్ళకు చిగుళ్ళు ముందే పాడై ఉంటాయి.

మందుల దగ్గర రెండు పొరపాట్లు జరుగుతాయి. గుండెకి స్టెంట్ వేయించుకుని ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు, రక్తం ఆగదేమోనని తమంతట తామే నాలుగు రోజుల ముందు ఆపేస్తారు. చిగురు నుంచి కారే రక్తాన్ని ఆపడం సులువు. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదకొస్తుంది. గుండె డాక్టర్‌ని అడగకుండా ఒక్క మాత్ర కూడా మానకూడదు. రెండోది అసలు చెప్పకపోవడం. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి, ఆరు నెలలకోసారి ఇంజక్షన్ వేయించుకునే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే బీపీ మాత్ర పేరు చెప్తారు. ఎప్పుడో వేయించుకున్న ఇంజక్షన్ మందుల లెక్కలోకి రాదు కదా అనుకుంటారు. ఆ ఇంజక్షన్లలో కొన్నింటి వల్ల దవడ ఎముక మానకుండా కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే నెలల తరబడి బాధపెడుతుంది. క్యాన్సర్ వైద్యంలో అదే రకం మందు ఎక్కువ మోతాదులో వాడిన వాళ్ళకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఏమిటంటే, ఇంప్లాంట్ సొంత పన్ను కంటే మెరుగని అనుకోవడం. "రూట్ కెనాల్ చేసినా ఎన్నాళ్ళుంటుందో తెలీదు, పీకేసి ఇంప్లాంట్ పెట్టించుకుంటే పోలా" అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. నిలబెట్టగలిగిన పన్నును పీకడం నష్టమే. సొంత పన్ను వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నార పొర ఉంటుంది. అన్నం తింటుంటే ఇసుకరవ్వంత రాయి తగలగానే దవడ టక్కున ఆగిపోతుంది చూడండి, ఆ కబురు పంపేది ఆ పొరే. దెబ్బను కొంత మింగేసే స్ప్రింగు లాంటిది కూడా అదే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు. ఎముకకు నేరుగా అతుక్కుని ఉంటుంది కాబట్టి అంత సన్నటి స్పర్శ దానికి రాదు. రాయి కొరికినా ఆలస్యంగా తెలుస్తుంది, క్యాప్ పగిలే అవకాశం ఎక్కువ. పన్ను పోయిన చోట ఇంప్లాంట్ గొప్ప వరం. ఉన్న పన్నుకు అది పోటీ కాదు. పీకాలా నిలబెట్టాలా అన్న చోట అనుమానం ఉంటే ఇంకో డాక్టర్‌ని అడగడం మంచిది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఇంప్లాంట్ అమ్మాల్సిన అవసరం లేని చోట రెండో మాట వినడం ఎప్పుడూ మేలు.

"ఒకసారి పెడితే జీవితాంతం చూసుకోనక్కర్లేదు" అన్నది అందరికీ నచ్చే అబద్ధం. పదేళ్ళ తర్వాత కూడా నూటికి 90కి పైగా ఇంప్లాంట్లు నోట్లో నిలిచే ఉంటాయి, అది నిజం. లోహం కాబట్టి పుచ్చిపోదు, అదీ నిజం. కానీ చుట్టూ ఉన్న చిగురు, ఎముక పాడవుతాయి. గార పేరుకుంటే చిగురు వాచి, మెల్లగా కింది ఎముక కరిగిపోతుంది. దీనికి నొప్పి ఉండదు. సొంత పన్నైతే జిల్లుమని, సలిపి ఏదో ఒకటి చెబుతుంది. ఇక్కడ తోమేటప్పుడు కొంచెం రక్తం, నోటి వాసన తప్ప వేరే కబురు ఉండదు. రెండోపూట తోమడం, పళ్ళ సందుల్లో తిప్పే చిన్న బ్రష్ వాడటం, ఆరు నెలలకోసారి క్లీనింగ్ తప్పనిసరి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయనే భయం మళ్ళీ ఇక్కడ అడ్డొస్తుంది. గార పోగానే అంతకాలం దాని వెనక దాక్కున్న ఖాళీ నాలుకకు తగులుతుంది. దాన్నే వదులు అనుకుంటారు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మంగళసూత్రానికి ఉన్న పిన్నీసు తీసి పళ్ళ సందు గుచ్చుకోవడం మన ఇళ్ళలో ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే. సొంత పళ్ళకే అది మంచిది కాదు. ఇంప్లాంట్ దగ్గరైతే అసలే వద్దు. సొంత పంటి చుట్టూ చిగురు నారలు వేరులోకి దూరి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇంప్లాంట్ చుట్టూ చిగురు చొక్కా కాలర్‌లా చుట్టుకుని ఉంటుంది, అంత గట్టిగా అతుక్కుని ఉండదు. అక్కడ పిన్ను మొన దిగితే దాంతో పాటు క్రిములు నేరుగా ఎముక దాకా వెళ్ళడానికి దారి దొరుకుతుంది.

కొన్నేళ్ళకు "ఇంప్లాంట్ కదులుతోంది" అని కంగారుగా వచ్చేవాళ్ళుంటారు. చాలాసార్లు కదిలేది అబట్‌మెంట్‌నో, క్యాప్‌నో పట్టి ఉంచడానికి పైన బిగించిన చిన్న స్క్రూ మాత్రమే. మళ్ళీ బిగిస్తే పది నిమిషాల పని. ఎముకలోని స్క్రూయే కదులుతుంటే అది పట్టు తప్పినట్టే, తీసేయాలి. అందుకే కదలిక తెలిసిన రోజే వెళ్ళాలి, దాంతోనే నెల రోజులు నమిలితే చిన్న రిపేరు పెద్దదవుతుంది.

రేటు దగ్గరికి వస్తే, బోర్డు మీద రాసిన ధర మూడు భాగాలకూ కలిపి కాకపోవచ్చు. కొన్నిచోట్ల అది ఎముకలోని స్క్రూకి మాత్రమే. అబట్‌మెంట్, క్యాప్, స్కాన్, అవసరమైతే ఎముక పొడి విడివిడిగా కలుస్తాయి. ఇది మోసమే అవ్వక్కర్లేదు, అడగకపోవడం వల్ల వచ్చే తేడా కూడా కావచ్చు. మొత్తం ఎంతో, అందులో ఏమేం కలిశాయో కాగితం మీద రాయించుకోవాలి. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ళ వైద్యానికి డబ్బులివ్వవు, ఆ ఆశతో మొదలుపెట్టకూడదు.

డబ్బు కట్టేటప్పుడు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ప్రతి ఇంప్లాంట్ ప్యాకెట్ మీద కంపెనీ పేరు, మోడల్, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని ఒక కార్డు మీద అంటించి ఇవ్వమని అడగాలి. ఒక్కో కంపెనీ స్క్రూకి ఒక్కో రకం స్క్రూడ్రైవర్ కావాలి. ఈ ఊళ్ళో క్లినిక్‌లు చోటు మారుతుంటాయి, మూతపడుతుంటాయి. మనుషులూ ఉద్యోగాల కోసం ఊళ్ళు మారుతుంటారు. ఎనిమిదేళ్ళ తర్వాత బెంగళూరులోనో, డల్లాస్‌లోనో క్యాప్ వదులైతే అక్కడి డాక్టర్‌కి ఎక్స్‌రేలో ఒక తెల్లటి స్క్రూ కనిపిస్తుంది కానీ అది ఏ కంపెనీదో తెలియదు. కార్డు ఉంటే అదే రోజు బిగించి పంపిస్తారు. లేకపోతే ఏ డ్రైవర్ పడుతుందో ఒక్కొక్కటీ పెట్టి చూసుకోవాల్సి వస్తుంది.